రాగి రేకులో దాగిన యుద్ధం

బొమ్మలు వేసిన మనిషి పోయి అప్పటికి 35 ఏళ్లు. బొమ్మల్లోని యుద్ధం ముగిసి దాదాపు 50 ఏళ్లు. 1863లో మాడ్రిడ్‌లోని శాన్ ఫెర్నాండో రాయల్ అకాడమీ 80 ఎచింగ్‌లను ఒక సంపుటంగా కట్టి, ‘యుద్ధ విలయాలు’ అని పేరు పెట్టి, 500 ప్రతులు అచ్చు వేసింది. ఫ్రాన్సిస్కో గోయా అంటే రాజుగారి ఆస్థాన చిత్రకారుడనీ, రాణివాసపు పట్టుబట్టల మీద వెలుగును తళతళలాడించిన మొనగాడనీ ఎరిగినవాళ్లకు ఆ సంపుటం తెరిస్తే కనిపించిన లోకం వేరు. చెట్టుకు గుచ్చిన మొండెం. బండిలోకి ఎత్తుతున్న ఆకలి శవాలు. తుపాకుల ముందు మోకాళ్ల మీద కూలబడ్డ ఆడవాళ్లు. ఇన్నేళ్లూ ఇవన్నీ ఎక్కడున్నట్టు? రాగి రేకుల్లో. గోయా కొడుకు హవియేర్ బతికున్నంతకాలం ఆ రేకులు ఇల్లు దాటలేదు. 1854లో ఆయన పోయాక చేతులు మారి, 1862లో అకాడమీకి చేరాయి.

తైలవర్ణ చిత్రానికి పుట్టుక ఒకటే. అచ్చు బొమ్మకు రెండు. రేకు మీదో చెక్క మీదో ఒకసారి పుడుతుంది, కాగితం మీద మరోసారి. ఆ రెంటి మధ్య ఒక పూట గడవొచ్చు, ఒక తరమే గడిచిపోవచ్చు. యుద్ధాన్ని చూపిన ప్రింట్ల చరిత్ర తిరగేస్తే ఈ ఆలస్యం మాటిమాటికీ ఎదురవుతుంది. కళ్లారా చూసినవాడికి మాట పెగలదు. పెగిలేసరికి పదేళ్లో, పాతికేళ్లో అయిపోతాయి. పెగిలినా, వినే రోజులు రాకపోవచ్చు. అందాకా రేకు ఓపిక పడుతుంది.

ఎచింగ్ అనగానే తెలుగువాళ్లకు నిజాంపూర్ లక్ష్మాగౌడ్ గుర్తొస్తారు. ఆయన మేకల్ని, మనుషుల్ని చూసినవాళ్లు చాలామందే ఉన్నా, ఆ సన్నటి గీతల వెనకున్న పని చూసినవాళ్లు తక్కువ. నున్నగా సానబట్టిన లోహపు రేకుకు మైనం, తారు కలిసిన పూత పూస్తారు. దాన్ని సూదితో గీస్తే గీసిన చోటల్లా లోహం మెరుస్తుంది. రేకును నైట్రిక్ యాసిడ్ తొట్టిలోకి దించుతారు. పూత ఉన్న చోటికి యాసిడ్ రాలేదు. పూత లేచిన చోట లోహాన్ని తింటుంది. గీతల వెంట సన్నసన్న బుడగలు లేస్తుంటే పక్షి ఈకతో వాటిని నెమ్మదిగా తోసేస్తుంటారు. ఎంతసేపు ఉంచితే గాడి అంత లోతు. తర్వాత పూత కడిగేసి, రేకు నిండా సిరా రుద్ది, పైపైన గుడ్డతో తుడుస్తారు. గాళ్లలో దిగిన సిరా మాత్రం మిగులుతుంది. దాని మీద తడి కాగితం, కాగితం మీద మెత్తటి ఉన్ని కంబళ్లు వేసి రెండు ఉక్కు రోలర్ల మధ్య నుంచి నడిపిస్తారు. ఆ ఒత్తిడికి కాగితం గాడిలోకి దిగి సిరాను పైకి పట్టుకొస్తుంది. మంచి ఎచింగ్‌ను వేలితో తడిమితే గీత రవ్వంత ఉబ్బెత్తుగా తగులుతుంది, మానిన గాయం మచ్చలాగా. ఫ్రెంచి, ఇంగ్లీషు పనివాళ్లు యాసిడ్ రేకును ‘కొరికింది’ అనే అంటారు.

కొరకడం, కోయడం, గీరడం, నొక్కడం. ఇవే ఈ పనిలో క్రియలు. యుద్ధంలోనూ దాదాపు ఇవే.

1808లో నెపోలియన్ సేనలు స్పెయిన్‌లో పాగా వేశాయి. మే 2న మాడ్రిడ్ జనం కత్తులు, కర్రలు పట్టుకుని వాటి మీద పడ్డారు. ఆ రాత్రి నుంచి తెల్లవారేదాకా ఫ్రెంచి సైన్యం దొరికినవాళ్లను దొరికినట్టు కాల్చేసింది. గోయాకు అప్పటికి 62 ఏళ్లు. పదిహేనేళ్ల ముందు వచ్చిన ఓ పెద్ద జబ్బు ఆయన వినికిడిని పూర్తిగా తినేసింది. ఆ ఏడాది శరత్కాలంలో జరగోజా నగర రక్షకుడు జనరల్ పాలఫోక్స్ పిలుపు మీద, ముట్టడికి శిథిలమైన ఆ ఊరు చూసి బొమ్మలు వేయడానికి వెళ్లాడు. ఫిరంగి మోత చెవిన పడని మనిషి యుద్ధం చూడటానికి వెళ్లడమంటే ఏమిటో ఊహించుకోవాలి. తెరుచుకున్న నోళ్లు కనిపిస్తాయి, కేక వినిపించదు. ఆయన ప్రింట్లలో తెరుచుకున్న నోళ్లు చాలా ఉన్నాయి.

అయితే గోయాను వీరుడిగా నిలబెట్టబోతే కథ కుదరదు. నెపోలియన్ అన్న జోసెఫ్ బోనపార్త్ సింహాసనం ఎక్కితే అందరితోపాటు గోయా కూడా విధేయత ప్రమాణం చేశాడు. కొత్త దొర కొలువులో పతకం పుచ్చుకున్నాడు. రెండు పక్షాల పెద్దమనుషుల బొమ్మలూ వేశాడు. పగలు చేసిన పని అది. రాగి రేకుల పని వేరే. వాటిలో కొన్నిటి మీద 1810 అని తేదీ ఉంది. యుద్ధకాలంలో రాగి దొరకడం గగనమైపోతే, అంతకుముందు తానే చెక్కిన ప్రకృతి దృశ్యాల పెద్ద రేకుల్ని సగానికి కోయించి, వెనకవైపు ఈ బొమ్మలు చెక్కాడు. ఒక పక్క కొండ, నీళ్లు. తిప్పితే శవాలు. సరకు నాసిరకం కావడంతో కొన్ని రేకులు సరిగా పలకలేదు. నీడల్లో మచ్చలు, గుంటలు పడ్డాయి. కొన్ని చోట్ల యాసిడ్‌ను కుంచెతోనే నేరుగా రేకు మీద పులిమాడు. తీరైన పనివాడు చూస్తే పెదవి విరిచే పని. ఈ బొమ్మలకు మాత్రం ఆ మచ్చలే సరిపోయాయి.

26వ బొమ్మ దగ్గర కాస్త ఆగాలి. ఒక చీకటి గుహలాంటి చోట ఆడా మగా గుంపుగా కూలబడి ఉన్నారు. ఒకడు చేతులు జోడించాడు, ఒకామె ముఖం దాచుకుంది. వాళ్లను చంపబోయేవాళ్లు బొమ్మలో లేరు. కుడి అంచు నుంచి తుపాకుల బాయినెట్ మొనలు మాత్రం లోపలికి పొడుచుకొచ్చాయి. పట్టుకున్న చేతులు, వెనకున్న ముఖాలు అన్నీ కాగితం అవతలే ఉండిపోయాయి. కింద గోయా పెట్టిన పేరు ‘చూడలేం’. 1814లో, మే 3 నాటి కాల్పుల మీద ఆయన వేసిన పెద్ద తైలవర్ణ చిత్రంలో సైనికుల వరస కనిపిస్తుంది, లాంతరు వెలుగుంటుంది, తెల్లచొక్కావాడి చాచిన చేతులుంటాయి. అది గోడకు వేలాడదీసి నలుగురూ చూడటానికి వేసింది. ప్రింటు ఒక్కరే ఒళ్లో పెట్టుకుని చూసేది. అరచేతి దూరంలో మొనలు ఎవరి వైపు నుంచి వస్తున్నాయో చూస్తున్నవాడికి చప్పున తడుతుంది.

పేర్లు కూడా అలాంటివే. ఒకటి మొదలుపెట్టిన మాటను తర్వాతిది అందుకుంటుంది. ‘న్యాయమున్నా లేకపోయినా’ అనే బొమ్మలో ఫ్రెంచి తుపాకులకు ఎదురు నిలిచిన స్పెయిన్ పల్లెవాళ్లు కనిపిస్తారు. పేజీ తిప్పితే ‘అదే సంగతి’. అందులో గొడ్డలి ఎత్తినవాడు స్పెయిన్ మనిషి, కింద పడి ఉన్నవాడు ఫ్రెంచి సైనికుడు. ‘నేను చూశాను’ అనే బొమ్మలో జనం ఊరు వదిలి పరుగెడుతున్నారు. ఒక తల్లి బిడ్డను లాక్కుపోతోంది. వాళ్లు దేన్ని చూసి పరుగెడుతున్నారో మనకు కనిపించదు. దాని వెంటనే ‘ఇది కూడా’. ఇంకోచోట ‘ఎందుకు?’ అని మాత్రమే ఉంది. మరోచోట ‘పూడ్చిపెట్టి నోరుమూసుకో’. 80 బొమ్మల్లోనూ పేరు పట్టగలిగిన వీరురాలు ఒక్కతే, జరగోజాలో శవాల కుప్ప ఎక్కి ఫిరంగి పేల్చిన అగస్తీనా. ఆవిడనూ గోయా వెనక నుంచే చూపించాడు. ముఖం లేదు.

39వ బొమ్మలో ముగ్గురు మనుషుల్ని నరికి చెట్టుకు కట్టారు. తల ఒకచోట, చేతులు మరోచోట. ఆ మొండేల కండరాలు మాత్రం గ్రీకు పాలరాతి విగ్రహాల్లా నున్నగా, సౌష్ఠవంగా ఉన్నాయి. విరిగిన విగ్రహాల్ని చూసి బొమ్మలు దిద్దుకోవడమే ఆనాటి కళాశాలల చదువు. ఆ చదువును గోయా ఎక్కడికి తెచ్చాడో చూడండి. పేరు: ‘ఘనకార్యమే! చచ్చినవాళ్ల మీద!’

చెట్టుకు వేలాడే శవాలను గోయాకు ముందే చెక్కినవాడు ఉన్నాడు. లొరేన్ ప్రాంతంలోని నాన్సీ నగరవాసి జాక్ కల్లో. 1633లో ఫ్రెంచి సేనలు అతని ఊరిని స్వాధీనం చేసుకున్నాయి. ఆ ఏడాదే అతని ‘యుద్ధపు మహా దుఃఖాలు’ వచ్చాయి. 18 బొమ్మలు, ఎత్తు ఒక్కొక్కటీ సుమారు 8 సెంటీమీటర్లే. ల్యూట్ వాద్యాల పనివాళ్లు వాడే గట్టి వార్నిష్‌ను రేకు పూతగా వాడి, వెంట్రుకంత సన్నటి గీతలు గీయగలిగాడు. అతని ఉరిచెట్టుకు శవాలు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. చుట్టూ సైన్యం క్రమశిక్షణగా నిలబడి ఉంటుంది. అయితే కల్లో దూరం నుంచి చూస్తాడు, చూసేదాన్ని నాటకరంగంలా అమరుస్తాడు. అతని మనుషులు చీమలు. గోయా దగ్గర ఒక్కో శవానికి బరువుంటుంది. కల్లో లెక్క రాసుకున్న కరణం అనుకుంటే, గోయా ఆ శవాన్ని భుజాన వేసుకుని మోసినవాడు.

గోయా రేకుల్లో పదిహేడు యుద్ధభూమిని వదిలి మాడ్రిడ్ వీధుల్లోకి వస్తాయి. 1811-12 కరువులో ఆ నగరంలో సుమారు 20 వేల మంది పోయారు. అది పంట లేక వచ్చిన కరువు మాత్రమే కాదు. పొలాలు తొక్కి, దారులు మూసి, ధాన్యం లాక్కుని యుద్ధం తెచ్చిన కరువు. ‘గిన్నెతో ఏం లాభం?’ అనే బొమ్మలో ఒకామె పడిపోయినామెకు గిన్నెతో ఏదో తాగించబోతోంది. ‘అభాగ్యురాలైన తల్లి’ అనే బొమ్మలో ముగ్గురు మగవాళ్లు ఒక ఆడమనిషి శవాన్ని మోసుకెళుతుంటే వెనకాల చిన్నపిల్ల కళ్లు తుడుచుకుంటూ నడుస్తోంది. పిల్లకూ శవానికీ మధ్య గోయా ఏమీ గీయలేదు. ఉత్త చీకటి.

1814లో స్పెయిన్ రాజు ఏడో ఫెర్డినాండ్ తిరిగొచ్చాడు. రాగానే రాజ్యాంగాన్ని రద్దు చేశాడు, మత విచారణ సభను మళ్లీ నిలబెట్టాడు. ఎవరెవరు ఫ్రెంచివాళ్లతో అంటకాగారో విచారణలు పెట్టాడు. గోయా కూడా జవాబు చెప్పుకుని బయటపడ్డాడు. చివరి రేకుల్లో ఆ కోపమంతా ఉంది: గబ్బిలం రెక్కల గుమాస్తాలు, గుడ్డి మతాధికారులు, ‘సత్యం చచ్చిపోయింది’ అనే పేరుతో నేల మీద పడుకోబెట్టిన వెలుగుల ఆడమనిషి. అలాంటి రోజుల్లో వీటిని అచ్చు వేసి అమ్మడమంటే కొరివితో తల గోక్కోవడమే. నమూనాగా ఒకే ఒక్క పూర్తి ప్రతిని తీయించి, పేర్లు చేత్తో రాసి, మాటలు సరిచూడమని మిత్రుడు సెయాన్ బెర్మూదెస్‌కు ఇచ్చాడు. 1824లో ఫ్రాన్స్‌లోని బోర్డో వెళ్లిపోయాడు. 1828లో అక్కడే పోయాడు. రేకులు మాడ్రిడ్‌లోనే ఉండిపోయాయి.

ఆలస్యంగా వచ్చిన అచ్చుకు ఒక చిక్కు ఉంది. వేసినవాడు పక్కన ఉండడు. ఒక బొమ్మలో సగం పూడుకున్న శవం ఒక కాగితం పట్టుకుని ఉంటుంది, దాని మీద ‘ఏమీ లేదు’ అని. గోయా దానికి రాసిన పేరుకు అర్థం ‘ఏమీ లేదు. అదే చెబుతోంది’ అని. అకాడమీ పెద్దలు దాన్ని ‘ఏమీ లేదు. మున్ముందు తెలుస్తుంది’ అనే అర్థం వచ్చేట్టు మార్చారు. చచ్చాక ఏదీ లేదన్న మాట వాళ్లకు గొంతు దిగలేదు. సిరా కూడా గోయా తీయించిన నమూనాలకన్నా బాగా దట్టించారు. అదంతా పక్కనపెడితే, బొమ్మలు బయటపడ్డ సమయం విచిత్రమైనది. అంతకు ముందు ఏడాదే, 1862 అక్టోబరులో, న్యూయార్క్‌లోని మాథ్యూ బ్రాడీ స్టూడియోలో అంటీటం రణరంగంలోని శవాల ఫొటోలను జనం బారులు తీరి చూశారు. కెమెరా వచ్చేసింది. ఇక చేత్తో చెక్కిన యుద్ధానికి సాక్ష్యపు పని తప్పిపోయింది. మరి మిగిలిందేమిటి? ఆనాటి కెమెరా కదలని శవాన్ని పట్టగలిగింది కానీ, చంపే క్షణాన్ని పట్టలేకపోయింది. రేకు మీద సూది పట్టింది.

రాగి రేకు మళ్లీ మళ్లీ పలుకుతుంది. 1937లో ఫ్రాంకో సైన్యం మాడ్రిడ్‌ను చుట్టుముట్టి ఉండగా రిపబ్లికన్ ప్రభుత్వ కాలంలో గోయా రేకుల నుంచి ఏడోసారి ప్రతులు తీశారు. నూట పాతికేళ్ల కిందటి శవాలు ఆ ఏటి శవాలయ్యాయి. అదే ఏడాది పికాసో ‘ఫ్రాంకో కల, బొంకు’ పేరుతో రెండు రేకులు, మొత్తం 18 గళ్ల బొమ్మలు చెక్కి, రిపబ్లికన్ల సహాయ నిధి కోసం అమ్మకానికి ఇచ్చాడు. ఇక ఆ 1937 ముద్రణ సంపుటం ఒకటి చివరికి చాప్‌మన్ సోదరులనే ఇద్దరు బ్రిటిష్ కళాకారుల చేతిలో పడింది. 2003లో వాళ్లు ఆ అసలు ప్రింట్ల మీదే బాధితుల ముఖాలకు జోకర్ల తలలు, కుక్కపిల్లల తలలు అతికినట్టు రంగులు వేశారు. గోయాకు అది అవమానమని కొందరు మండిపడ్డారు. మండిపడాల్సిందే కానీ, ఒక సంగతి ఒప్పుకోవాలి: శవాలను చూసి చూసి మొద్దుబారిన కళ్లను అది మళ్లీ ఉలిక్కిపడేలా చేసింది.

గోయా తర్వాత రేకు మీద యుద్ధాన్ని చెక్కినవాళ్లలో జర్మన్ చిత్రకారుడు ఒట్టో డిక్స్ ఒకడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అతను మెషిన్‌గన్ సైనికుడు. ఇష్టపడే చేరాడు. సోమ్ నది ఒడ్డున కందకాల్లో నెలల తరబడి గడిపాడు. తిరిగొచ్చాక నిద్రలో ఏళ్ల తరబడి కూలిన ఇళ్ల మధ్య, పట్టనంత ఇరుకు సందుల్లోంచి పాకుతూ పోయే కలలు వచ్చాయని తర్వాత చెప్పుకున్నాడు. ‘యుద్ధం’ పేరుతో 50 ఎచింగ్‌లను అతను 1924లో తెచ్చాడు, సరిగ్గా యుద్ధం మొదలైన పదేళ్లకు. బెర్లిన్‌లో కార్ల్ నీరెన్‌డార్ఫ్ పది పది చొప్పున ఐదు భాగాలుగా, 70 ప్రతులు వేశాడు. ఈ పని కోసం డిక్స్ గోయా ఎచింగ్‌లను దగ్గర పెట్టుకుని చూశాడు. ఇటలీలోని పలెర్మోకు వెళ్లి అక్కడి నేలమాళిగల్లో ఎండిపోయిన శవాలను గీసుకొచ్చాడు.

యాసిడ్‌ను అతను వాడిన తీరే వేరు. రేకును పదేపదే తొట్టిలో ముంచి, అవసరానికి మించి తినిపించాడు. గీతల అంచులు కరిగి, రేకు ముఖమంతా చిల్లులు పడి, కుళ్లిన మాంసంలా తయారయ్యింది. పుర్రెలో పురుగులు తిరిగే బొమ్మ ఒకటుంది. అందులో చెక్కిందెంత, యాసిడ్ తానుగా తిన్నదెంత అన్నది తేల్చడం కష్టం. గ్యాస్ ముసుగులు వేసుకుని ముళ్లకంచె మీదుగా మన మీదికి వస్తున్న సైనికుల బొమ్మలో ముఖాలున్న చోట తెల్లటి గుండ్రాలు, నల్లటి కళ్లబెజ్జాలు మాత్రమే ఉన్నాయి. విషవాయువు ఊపిరితిత్తులను తిన్న యుద్ధాన్ని, లోహాన్ని తినే ద్రావకంతో చెప్పడం అతనికి తోచినంత బాగా ఇంకెవరికీ తోచలేదు. 1933లో నాజీలు రాగానే డ్రెస్‌డెన్ కళాశాలలో అతని ఆచార్య పదవిని ఊడగొట్టారు.

జర్మన్ కళాకారిణి కేథె కొల్విట్జ్ కందకం చూడలేదు. ఆమెకు యుద్ధం ఇంటికే వచ్చింది. చిన్నకొడుకు పీటర్‌కు 18 ఏళ్లు. చేరాలంటే తండ్రి సంతకం కావాలి. తండ్రి డాక్టర్ కార్ల్ ఒప్పుకోలేదు. కొడుకు తరఫున నచ్చజెప్పి ఒప్పించింది తల్లే. 1914 అక్టోబరులో, బెల్జియం రణరంగం చేరిన కొద్దిరోజులకే పీటర్ పోయాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఎచింగ్‌తో, ఎన్నిసార్లు లితోగ్రాఫ్‌తో ప్రయత్నించినా ఆమెకు కుదరలేదు. 1920లో ఎర్నెస్ట్ బార్లాక్ ఉడ్‌కట్లు చూసి, అప్పటికి యాభై దాటిన వయసులో, కొత్తగా చెక్క చెక్కడం మొదలుపెట్టింది.

ఉడ్‌కట్‌లో లెక్క తారుమారు. రేకులో గీసిందే నలుపవుతుంది. చెక్కలో చెక్కేసింది తెలుపవుతుంది, వదిలేసింది నలుపుగా మిగులుతుంది. మచిలీపట్నం కలంకారీ దిమ్మెలు చెక్కేవాళ్లకు ఇది కొత్తేం కాదు. అంటే వెలుగు కావాలంటే ప్రతిసారీ కత్తి దించాల్సిందే. 1921-22లో ఆమె చెక్కి, 1923లో బయటపెట్టిన ‘యుద్ధం’ వరసలో ఉన్నవి ఏడే బొమ్మలు. తుపాకీ లేదు, కందకం లేదు, శత్రువు లేడు. ‘బలి’లో తల్లి పసిబిడ్డను ఎత్తి అందిస్తోంది. ‘తల్లిదండ్రులు’లో మోకాళ్ల మీద ఒకరినొకరు పట్టుకుని ఒక ముద్దగా అయిపోయారు. ‘స్వచ్ఛంద సైనికులు’లో డప్పు కొట్టుకుంటూ మృత్యువు ముందు నడుస్తుంటే, పక్కనే ఉన్న మొదటి కుర్రాడు పీటర్. కొడుకు సమాధి దగ్గర పెట్టాలనుకున్న తల్లీతండ్రుల విగ్రహాలు పూర్తయ్యేసరికి 1932 వచ్చింది. 18 ఏళ్లు. కొడుకు బతికింది కూడా అంతే.

‘బలి’ అక్కడితో ఆగలేదు. 1931లో షాంఘైలో ప్రభుత్వం కాల్చి చంపిన యువ రచయితల్లో రౌ షి ఒకడు. అతనికి కన్నతల్లి ఉంది. అతని మిత్రుడు, రచయిత లూ షున్ రాసే నివాళి వ్యాసం అచ్చు కాని రోజులవి. ఒక పత్రికలో ఆ ఉడ్‌కట్‌ను వేయించి ఊరుకున్నాడు. తెలిసినవాళ్లకు తెలిసింది. ఆ ఆగస్టులోనే పదమూడు మంది కుర్రాళ్లను పోగుచేసి ఉడ్‌కట్ నేర్పించాడు. పాఠం చెప్పింది ఉచియామా కకిచి అనే జపాన్ పంతులు. పక్కన నిలబడి చైనా భాషలోకి మార్చి చెప్పింది లూ షున్. ఆరు రోజుల బడి. నెల తిరగకుండానే, సెప్టెంబరు 18న, జపాన్ మంచూరియా మీద పడింది. జపాన్ పంతులు దగ్గర నేర్చిన కత్తిపని జపాన్ దాడికి ఎదురు నిలిచే ఆయుధమైంది. ప్రెస్సు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఒక పళ్లచెట్టు చెక్క, ఒక కత్తి, కాస్త సిరా ఉంటే చాలు. కాగితాన్ని వెనక నుంచి అరచేత్తో రుద్దినా బొమ్మ దిగుతుంది. యుద్ధంలో ఉన్న పేద దేశానికి ఇంతకన్నా అనువైన అచ్చు ఏముంది?

ఆ ప్రింట్ల నీడ బెంగాల్ దాకా వచ్చింది. 1942లో బర్మా జపాన్ చేతికి చిక్కింది. అక్కడి బియ్యం ఆగిపోయింది. శత్రువుకు దొరక్కూడదని బ్రిటిష్ ప్రభుత్వం తీరప్రాంత బెంగాల్‌లో పడవలు, ధాన్యం లాగేసుకుంది. 1943 కరువులో 20 నుంచి 30 లక్షల మంది పోయారని అంచనా. గోయా మాడ్రిడ్‌కు జరిగిందే ఇక్కడ వంద రెట్లయింది. చిత్రకారుడు చిత్తప్రసాద్ మిద్నాపూర్ పల్లెల్లో కాలినడకన తిరిగి, సిరాకలంతో బొమ్మలు వేసి, కథనాలు రాసి ‘హంగ్రీ బెంగాల్’ అనే చిన్న పుస్తకం తెచ్చాడు. సర్కారు 5 వేల ప్రతులూ పట్టుకుని తగలబెట్టింది. అతని కుటుంబం దగ్గర ఒక్క ప్రతి మాత్రం మిగిలింది. తర్వాత అతను ఎక్కువగా లినోకట్ వైపు మళ్లాడు.

చిత్తప్రసాద్ వెంట బొమ్మలు వేయడం నేర్చిన కుర్రాడు సోమనాథ్ హోర్. 1921లో చిట్టగాంగ్ జిల్లాలో పుట్టాడు. 1942లో ఆ జిల్లాలోని పటియా మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీదా జపాన్ బాంబులు పడ్డాయి. పేలని బాంబు గుల్ల ఒకటి ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో చూడొచ్చు. మన తీరంలో ఊళ్లు ఖాళీ అయ్యి, నెలల్లో మళ్లీ నిండాయి. హోర్ మాత్రం పటియాలో పడి ఉన్న మనుషుల్ని చూశాడు. మరుసటేడు కరువు చూశాడు. కమ్యూనిస్టు పార్టీ పత్రికలకు బొమ్మలు వేశాడు. 1946లో రంగ్‌పూర్ వెళ్లి తెభాగా రైతుల పోరాటాన్ని గీశాడు. కోల్‌కతాలో ప్రింట్ల పని నేర్చాడు, ఢిల్లీలో నేర్పాడు, ఆ తర్వాత శాంతినికేతన్ కళాభవన్‌లో గ్రాఫిక్స్ విభాగం పెద్దయ్యాడు. ఎచింగ్, ఉడ్‌కట్, రంగుల ఇంటాగ్లియో, అన్నీ చేతికి వచ్చేశాయి.

1971 వచ్చింది. సరిహద్దు అవతల, తాను పుట్టిన గడ్డ మీద నరమేధం. ఇవతల నక్సలైటు కుర్రాళ్ల శవాలు. ఎక్కడో వియత్నాం. అప్పటికి పటియా జరిగి 29 ఏళ్లు. హోర్ సిరా పక్కన పెట్టేశాడు.

అతను చేసింది ఇది. మెత్తటి మట్టి పలకో మైనం పలకో పరిచి, కత్తితో కోసేవాడు. కాల్చిన ఇనప చువ్వతో వాత పెట్టేవాడు. పొడిచి, చీల్చి, అంచులు పైకి లేచేలా తిప్పేవాడు. దాని మీద సిమెంటు పోసి అచ్చు తీసేవాడు. ఆ సిమెంటు అచ్చులో తడి కాగితపు గుజ్జు నింపి, నొక్కి, ఆరనిచ్చేవాడు. ఆరాక పైకి తీస్తే ఒక తెల్లటి కాగితం. బొమ్మ లేదు, గీత లేదు, నలుపు లేదు. కోత పడ్డ చోట కాగితం నోరు తెరుచుకుంది. వాత పెట్టిన చోట బొబ్బ లేచింది. కొన్నిట్లో గాయం లోపల రవ్వంత ఎరుపు. అన్నిటికీ ఒకటే పేరు, ‘గాయాలు’. లారీ చక్రం తొక్కిన రోడ్డు, గొడ్డలి దెబ్బ పడ్డ చెట్టు, కత్తిపోటు తిన్న మనిషి, అన్నీ తనకు గాయాలుగానే కనిపించడం మొదలైందని అతను తర్వాత చెప్పుకున్నాడు. కరువు రోజుల్లో ముఖాలు గీసినవాడు ముప్పై ఏళ్లకు ముఖాన్నే వదిలేశాడు. గాయానికి ఏ దేశమని అడగలేం, ఏ పక్షమని అడగలేం.

ఆ రోజుల్లోనే అతను వియత్నాం తల్లికి నివాళిగా ఒక పెద్ద కంచు విగ్రహం పోశాడు. 1977లో పూర్తయిన కొద్దిరోజులకే అది కళాభవన్‌లోంచి దొంగల పాలైంది, మళ్లీ దొరకలేదు. ఒకటే ఉన్న వస్తువు పోతే పోయినట్టే. ప్రింటైతే ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. 2006లో హోర్ శాంతినికేతన్‌లో పోయేనాటికి ‘గాయాలు’ దేశంలో చాలా చోట్లకు చేరాయి.

పుస్తకాల్లో వాటిని ఫొటోలుగా చూస్తే దాదాపు ఏమీ కనిపించదు. తెలుపు మీద తెలుపు. ప్రదర్శనశాలలో కూడా దీపం ఎదురుగా పెడితే ఉత్త కాగితమే. దీపాన్ని పక్కకు జరిపి, గోడ వెంట ఏటవాలుగా పడనిస్తే, కోతల అంచుల కింద సన్నటి నీడలు ఒక్కొక్కటే లేస్తాయి.